సోపెలె విన్నాక పియానో మళ్లీ విన్నా: క్రొయేషియా జానపదం మీద రాసిన క్లాసికల్ సంగీతం, కొన్నేళ్ల తర్వాత నా రివ్యూ

ఈ సంగీతంలో నాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చింది ఒకటే, ఇస్ట్రియా స్కేలు, అంటే ఇస్ట్రియా అనే క్రొయేషియా ప్రాంతం పాటలు నడిచే స్వరాల వరుస, మిగతావన్నీ దాని తర్వాతే. క్రొయేషియాలోని రియెకా నగరానికి ఉద్యోగం మీద వచ్చిన కొత్తలో ఆఫీసులో ఒకాయన క్రొయేషియా కంపోజర్ల ప్లేలిస్టు పంపాడు, ఊళ్లలో పాడుకునే పాటలు, పండగలకి ఆడే ఆటలు తీసుకుని ఆర్కెస్ట్రాకీ పియానోకీ రాసినవి, అప్పట్నుంచీ బస్సులో అవే, ఇంటికొచ్చాక నా డిజిటల్ పియానో మీద వాయించేవీ అవే. ఏ కంపోజర్ ఎక్కడ చదివాడు, ఎన్ని సింఫనీలు రాశాడు లాంటివి వెతికితే ఎవరికైనా దొరుకుతాయి కాబట్టి ఆ జాబితాలు పెట్టట్లేదు, ఇన్నాళ్లు విన్నాక ఏది నిలబడింది, ఏది పాతబడింది అన్నదే రాస్తున్నా.

కర్ణాటక సంగీతం కొద్దిగా నేర్చుకున్నవాళ్లెవరైనా ఉంటే ఇది ఒకసారి చేసి చూడండి. ఇవాన్ మతేతిచ్ రోన్యగోవ్ (1880–1960) అని ఒకాయన ఇస్ట్రియా, ఆ పక్క దీవుల ఊళ్ల పాటలు రాసుకుని, అవి ఏ స్వరాల మీద నడుస్తున్నాయో ఒక లెక్కకి తెచ్చాడు. మొత్తం ఆరు స్వరాలు, వాటి మధ్య దూరాలు అర స్వరం, ఒక స్వరం, అర, ఒకటి, అర. పియానో మీద ఈ (E) అనే మీట నుంచి మొదలెడితే ఈ, ఎఫ్, జీ, ఏ ఫ్లాట్, బీ ఫ్లాట్, బీ. ఆ ఈ ని షడ్జమం అనుకుంటే మనకి వచ్చేది స, శుద్ధ రి, సాధారణ గ, అంతర గ, ప్రతి మ, ప. రెండు గాంధారాలూ పక్కపక్కనే ఉన్నాయి చూడండి! సరే సాధారణ గాంధారాన్ని షట్‌శ్రుతి రిషభం అనుకుందామంటే కింద శుద్ధ రి ఆల్రెడీ కూర్చుని ఉంది. 72 మేళకర్త రాగాల్లో దేంట్లోనూ పట్టదు, పైగా పంచమం దాకా వచ్చి ఆగిపోతుంది, ధైవతం లేదు, నిషాదం లేదు. నేను ఇది మొదటిసారి పియానో మీద స్వరం స్వరం నొక్కి చూసుకున్న రోజు చాలాసేపు లేవలేదు.

పాడేది ఇద్దరు. ఒకరి స్వరానికి ఒకటి వదిలి పై స్వరం ఇంకొకరు పట్టుకుంటారు, అలా జంటగా కదులుతారు, ఆ ఆరు స్వరాల్లో ఎక్కడ పట్టుకున్నా ఇద్దరి మధ్య దూరం మూడు అర స్వరాలే వస్తుంది, లెక్కేసుకోండి కావాలంటే. చివరికొచ్చేసరికి ఇద్దరూ ఒకే స్వరం మీద కలుస్తారు, కింది గొంతు పైకి వెళ్లి పాడితే ఆక్టేవ్‌లో కలుస్తారు. యునెస్కో 2009లో దీన్ని తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో పెట్టింది. ఇదే స్కేలుని సోపెలె మీద కూడా వాయిస్తారు, అది మన సన్నాయి జాతి వాయిద్యమే, రెండు పొరల పీక నోట్లో పెట్టుకుని ఊదేది, ఎప్పుడూ పెద్దదొకటి చిన్నదొకటి జంటగానే ఉంటాయి.

ఆర్కెస్ట్రాలో ఈ స్కేలు పట్టుకున్నవాళ్లలో నేను ఎక్కువ విన్నది నాత్కో దేవ్చిచ్ (1914–1997) రాసిన ఇస్ట్రియా సూట్ (కొన్ని భాగాలుగా వరుసగా వాయించే పీస్), 1940ల్లోది. మొదట్లో అది నాకు అస్సలు ఎక్కలేదు, గరుగ్గా ఉంది అనిపించి రెండో భాగంలోకి వెళ్లకుండానే మార్చేసేవాణ్ణి, ఇప్పుడు మొత్తం ప్లేలిస్టులో ఎక్కువసార్లు తిరిగి వెళ్లేది దానికే. గాలి వాయిద్యాలు జంటగా దగ్గర దగ్గర స్వరాల మీద ఒరుసుకుంటూ పోయేటప్పుడు గాలిలో ఒక రకం జుమ్ముమనే శబ్దం వస్తుంది, మంచి స్పీకర్లలో వింటే రొమ్ము మీద తెలుస్తుంది, దాని కోసమే వింటా.

పియానోతో మాత్రం నాకు చాలాకాలం పేచీ ఉంది. మా పియానో టీచర్ ఇచ్చిన ఆల్బమ్‌లో ఇస్ట్రియా స్కేలు మీద రాసిన చిన్న పీస్ ఒకటి ఉంది, రెండు పేజీలు, వేళ్లకి పెద్ద కష్టం కూడా కాదు. నోట్లు అన్నీ కరెక్టుగానే పడేవి, కానీ ఆర్కెస్ట్రాలో వినిపించే ఆ జుమ్ము ఎక్కడా ఉండేది కాదు, ఏదో విచారంగా ఉన్న మైనర్ పాటలా వినిపించేది అంతే. పియానో అన్నది ఈ సంగీతానికి పనికిరాదు, వీళ్లెందుకు రాశారో అని చాలామందితో వాదించా కూడా.

తర్వాత ఒక వేసవిలో కృక్ దీవికి వెళ్లాం, రియెకా నుంచి వంతెన మీదుగా కారులో వెళ్లిపోవచ్చు. ఒక ఊళ్లో చర్చి ముందు చిన్న ఖాళీ స్థలం, పండగ రోజు, ఇద్దరు పెద్దవాళ్లు పక్కపక్కన నిలబడి సోపెలె ఊదుతున్నారు, ముందు జంటలు ఆడుతున్నాయి. నేను పెద్ద సోపెల వాయించే ఆయనకి బాగా దగ్గరగా నిలబడ్డా. ఊదడం మొదలెట్టేముందు పీకని నాలుకతో తడుపుకుంటున్నాడు, ఊదుతుంటే బుగ్గలు గుండ్రంగా నిండి దవడ కింద నరం కదులుతోంది, కొయ్య గొట్టం మీద వేళ్లు ఆనిన చోట రంగు పోయి నున్నగా మెరుస్తోంది. రికార్డింగుల్లో తెలియని సంగతి ఒకటి అక్కడ తెలిసింది, అది ఎంత గట్టి శబ్దమో. మా పాప చెవులు మూసుకుంది. రెండు గొట్టాల శబ్దం కలిసినచోట మూడో శబ్దం ఒకటి పుట్టి చెవి లోపల గింగుర్లు తిరుగుతోంది, ఇద్దరూ చివర్లో ఒకే స్వరం మీదకి రాగానే ఆ గింగురు ఠక్కున ఆగిపోయింది, ఆ ఆగడం వినడానికే ఇంకో పాట, ఇంకో పాట అని సాయంత్రం దాకా అక్కడే ఉన్నా.

ఫోన్‌లో రికార్డ్ చేసుకుని ఇంటికొచ్చి ట్యూనర్ యాప్ పెట్టి చూశా. స్వరాల మధ్య దూరాన్ని సెంట్లలో కొలుస్తారు, పియానో మీద పక్కపక్క మీటల మధ్య దూరం 100 సెంట్లు కదా, ఇక్కడ ఆ లెక్క ఎక్కడా లేదు. కొన్ని స్వరాలు పియానో స్వరానికి బాగా కిందకి ఉన్నాయి, కొన్ని కొంచెం పైకి, పెద్ద సోపెలకీ చిన్న సోపెలకీ కూడా ఒకదానితో ఒకటి పూర్తిగా కుదరట్లేదు, అదే స్వరం రెండోసారి ఊదినప్పుడు ఇంకో చోట పడుతోంది. మతేతిచ్ రాసిన ఆరు స్వరాలు ఒక దగ్గరి అంచనా అని ఇక్కడి సంగీతం వాళ్లు చెప్తూనే ఉంటారు, స్క్రీన్ మీద సూది అటూ ఇటూ ఊగుతుంటే అది కళ్లతో చూశా.

నా డిజిటల్ పియానోలో ఒక్కో స్వరాన్నీ విడిగా కొన్ని సెంట్లు పైకి, కిందకి జరుపుకునే సెట్టింగ్ ఉంది. కొన్నప్పటి నుంచీ దాని వైపు చూడలేదు. ఆ రాత్రి అందరూ పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ఆరు స్వరాలనీ రికార్డింగ్‌కి దగ్గరగా తెచ్చా, ముందు పాట ఒక్కటే రెండు వేళ్లతో జంట స్వరాలుగా వాయించా. వచ్చింది! పూర్తిగా అదే కాదు, పియానోలో స్వరం కొట్టగానే తగ్గిపోతుంది, సోపెల ఊదినంతసేపూ నిలబడుతుంది, ఆ తేడా ఉంటుంది, అయినా ఆ గింగురు వచ్చింది. ఇంక ఆగలేక ఆల్బమ్‌లో పీస్ తీసి మొదటి నుంచి వాయించా, కుడి చెయ్యి బాగానే ఉంది, ఎడమ చెయ్యి మొదటి కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి కొట్టేది) పడగానే మొత్తం చెడిపోయింది. పులిసిపోయినట్టు, శ్రుతి పోయిన పాత స్కూలు పియానోలా ఉంది. రెండు స్వరాలు కొద్దిగా సర్దా, ఇంకో చోట చెడింది. అది సర్దితే పాట చెడింది. అలా అర్ధరాత్రి దాటిపోయింది.

అప్పుడు నోట్లు సరిగ్గా చూశా. అన్నాళ్లూ నేను వాయించిన ఎడమ చేతి కార్డుల్లో ఏ ఫ్లాట్ పక్కనే జీ ఉంది, ఎఫ్ పక్కనే ఈ ఉంది, పక్కపక్క స్వరాలు రెండూ ఒకేసారి కొట్టమని ఆ పీస్ కంపోజర్ రాశాడు, నేను వాటిని మెత్తగా, స్వరాలు సాగేలా కాలి కింది పెడల్ నొక్కి, తప్పు వినపడకూడదు అన్నట్టు వాయిస్తున్నా. ఆ రెండు స్వరాల రాపిడే సోపెలె గింగురు. పియానోలో సెంట్లు జరపడం కుదరదని తెలిసి, ఉన్న మీటలతోనే ఆ గరుకుని కట్టాడు ఆయన. సెట్టింగ్ మామూలుకి పెట్టేసి, పెడల్ తీసేసి, ఆ పక్కపక్క స్వరాలని గట్టిగా, సమానంగా కొట్టి వాయించా. ఇన్నాళ్ల ఈ సంగీతంలో నాకు అంత సంతోషం ఇచ్చిన రాత్రి ఇంకోటి లేదు. మా టీచర్ తర్వాతి క్లాసులో విని పెడల్ ఎవరు తీసేయమన్నారు అని అడిగి, అలాగే ఉంచు అంది.

మనకి ఈ గొడవ కొత్త కాదు, హార్మోనియం మన గమకాలకి పనికిరాదని ఆలిండియా రేడియో 1940లో దాన్ని ఆపేసి 1971 దాకా సడలించలేదు. ఆ వాదనలో న్యాయం ఉందని నేను ఇప్పటికీ నమ్ముతా, హార్మోనియంలా మీటలు ఉన్న వాయిద్యం మీద తోడి రాగం రాదు. కానీ కంపోజర్ ఆ మీటలని తెలిసి వాడుకుంటే వచ్చేది వేరే సంగతి, అది నకలు కాదు.

ఇక యాకోవ్ గోతోవాత్స్ (1895–1982) సింఫనిక్ కోలో, 1926లో రాసింది. కోలో అంటే చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడే డాన్సు, ఈ పీస్ ఆ ఊపుతోనే మొదలై ఆ ఊపుతోనే పూర్తవుతుంది, పది నిమిషాల లోపు. ఎవరికి మొదటిసారి వినిపించినా కాలు ఆడించకుండా కూర్చోలేరు, నేను హైదరాబాద్‌లో ఫ్రెండ్స్‌కి అందరికీ పంపిందీ ఇదే, అద్భుతం అని రాసి మరీ పంపా. ఇప్పటికీ బాగుంటుంది, అయితే రోజూ వింటే ఆ చిన్న చిన్న ముక్కలు మళ్లీ మళ్లీ తిరగడం ముందే తెలిసిపోతుంది, మధ్యలో నెమ్మదించే భాగం వచ్చేదాకా ఎదురుచూస్తున్నా ఈ మధ్య. హాల్లో ఆర్కెస్ట్రా ఎదురుగా కూర్చుని వింటే మాత్రం ఆ మాట అనలేం. ఆయన ఒపెరా ఎరో కూడా అంతే, 1935లో జాగ్రెబ్‌లో మొదటిసారి వేశారు, ధనవంతుల పిల్లాడు పై లోకం నుంచి ఊడిపడ్డా అని చెప్పి ఊళ్లో వాళ్లని నమ్మించే కథ, చివర్లో కోలో వచ్చేసరికి జనం అసలు కుదురుగా కూర్చోలేరు. ఇంట్లో ఆ చివరి ముక్క ఒక్కటే విడిగా పెట్టుకుంటే సగం బలమే ఉంటుంది, అంతకుముందు జరిగిన గోలంతా కలిస్తేనే అది పండుతుంది.

యోసిప్ స్లావెన్‌స్కీ (1896–1955) గురించి ఇంకా విడిగా రాయాలి. ఉత్తరాన హంగరీ సరిహద్దు దగ్గర చాకోవెత్స్‌లో పుట్టాడు, మెజిముర్యే అంటారు ఆ ప్రాంతాన్ని, అక్కడి పాటలు నిదానంగా, ఎక్కువగా ఆడవాళ్లు పాడేవి, యునెస్కో 2018లో వాటినీ చేర్చింది. చిన్నప్పుడు చర్చి గంటలంటే ఆయనకి పిచ్చి. ఆయన పియానో ముక్కలు వాయిస్తుంటే కింద ఒక స్వరం పట్టుకుని వదలకుండా మోగించినప్పుడు ఆ గంట వినపడుతుంది నాకు, ఇస్ట్రియా గరుకు లాంటిది కాదు ఇది, ఇంకో దారి. నా చేతికి ఇంకా పూర్తిగా లొంగలేదు కాబట్టి దీని మీద తీర్పు చెప్పను.

మొత్తానికి నా మాట పూర్తిగా నా పరిస్థితికి కట్టుబడి ఉంటుంది, నేను ఇక్కడే ఉంటున్నా, గంటన్నరలో సోపెలె దగ్గరకి వెళ్లగలను, చెవికి కర్ణాటక అలవాటు ఉంది, వాయించడానికి టీచర్ ఉంది. ఇవేవీ లేకుండా హెడ్‌ఫోన్స్‌లోనే వినాలనుకునేవాళ్లు కోలోతో మొదలెట్టండి, దేవ్చిచ్‌ని ఒకట్రెండు నెలలు పక్కన పెట్టుకున్నా ఫర్వాలేదు. పియానో నేర్చుకునేవాళ్లయితే ఇస్ట్రియా పీస్ ముట్టుకునేముందు రెండు సోపెలె కలిపి వాయించిన రికార్డింగ్ ఒకటి స్పీకర్లో గట్టిగా పెట్టి వినండి, తర్వాత ఆ పీస్‌లో పక్కపక్క స్వరాలు ఒకేసారి ఎక్కడ పడుతున్నాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, అక్కడ పెడల్ మీద నుంచి కాలు తీసేయండి.