మందారం పిండినల్లి కోసం కొన్న 2 లీటర్ల ప్రెషర్ స్ప్రేయర్: ఏడాదిన్నర వాడాక

మా ఇంట్లో నాలుగు మందారాలున్నాయి. రెండు ముద్ద మందారాలు, ఒక పసుపు మందారం కుండీల్లో ఉన్నాయి. నాలుగోది ఎర్ర ఒంటిరెక్క మందారం. నేలలో వేశాను, నా తల దాటి పెరిగింది. ఈ స్ప్రేయర్ కొన్నది దానికోసమే. ఏడాదిన్నరగా వాడుతున్నాను కాబట్టి ఇందులో బాగున్నదీ బాగాలేనిదీ రెండూ చెప్పగలను.

ముందు చెట్టుకు ఏమైందో చెప్పాలి. ఒకరోజు చూస్తే కొమ్మల చివర చిగుళ్లు విచ్చుకోకుండా ముడుచుకుపోయి ఉన్నాయి. ఆకులు చిన్నవైపోయి, ఒకదాని మీద ఒకటి పేరుకుని, పిడికిలి బిగించినట్టు గుత్తిగా తయారయ్యాయి. నీళ్లు తక్కువయ్యాయేమో అనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత ఒక గుత్తిని గోటితో విప్పి చూస్తే లోపలంతా తెల్లటి దూది. దాన్ని కాస్త పక్కకు జరిపితే కింద గులాబి రంగు ఒంటితో చిన్న చిన్న పురుగులు, నలిపితే వేలికి ఎర్రటి రసం. పిండినల్లి! అందులోనూ మందారాన్ని ఏరికోరి పట్టే రకం. శాస్త్రీయ నామం మాకొనెల్లికాకస్ హిర్సుటస్. అది రసం పీల్చేటప్పుడు దాని లాలాజలంలోని విషం చిగురులోకి ఎక్కుతుంది, అందుకే ఆకు అలా ముడుచుకుపోతుంది. 1994లో ఈ పురుగు కరీబియన్‌లోని గ్రెనడాలో కనబడి, అక్కడి నుంచి ఒక్కో దీవికీ పాకుతూ పోయింది. ఒక్క చెట్టుకు పడితేనే నాకు రాత్రి నిద్ర పట్టలేదు, ఊళ్లకు ఊళ్లే మందారాలు ఉన్నవాళ్లు ఎంత బాధపడి ఉంటారో.

అప్పటిదాకా నా దగ్గర ఉన్నది అర లీటరు ట్రిగర్ బాటిల్. నొక్కినప్పుడల్లా ఒక్కసారి చిమ్ముతుంది. అంత చెట్టుకు కొన్ని వందలసార్లు నొక్కాలి. సగం అయ్యేసరికి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలయ్యేది, మిగతా సగాన్ని పైపైన తడిపి వదిలేసేదాన్ని. అసలు కష్టం అది కూడా కాదు. పిండినల్లి దాక్కునేది ఆకు అడుగున, కణుపుల్లో, మొగ్గ చుట్టూ ఉండే ఆకుపచ్చ రేకుల సందుల్లో. ఆకు అడుగుకు కొట్టాలంటే బాటిల్‌ని వెనక్కి వంచాలి. వంచగానే లోపలి గొట్టం నీళ్లలోంచి బయటికొచ్చి గాలి పీలుస్తుంది. మూడు వారాలు వేప నూనె కొట్టాను, పురుగు తగ్గలేదు. మందులో పస లేదనుకున్నాను. మందు అసలు పురుగు దాకా చేరనేలేదని తర్వాత తెలిసింది.

ఇక స్ప్రేయర్ సంగతి. 2 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు, పైన పంపు పిడి, దాని కింద ట్రిగర్, ముందు ఇత్తడి నాజిల్. మూత గట్టిగా బిగించి పిడిని పదిహేను ఇరవై సార్లు కొడితే లోపల గాలి ఒత్తిడి పెరుగుతుంది. ఆ తర్వాత ట్రిగర్ నొక్కి పట్టుకుంటే చాలు, ధార ఆగకుండా వస్తుంది. నా బొటనవేలికి ప్రాణం లేచొచ్చింది. నాజిల్ మొనను ఒకవైపు తిప్పితే పొగమంచులా సన్నటి తుంపర, రెండోవైపు తిప్పితే సూదిలాంటి ధార. నాకు అన్నిటికంటే నచ్చింది నాజిల్ మెడ. దాన్ని పైకి వంచుకోవచ్చు. ట్యాంకు నిటారుగానే ఉంటుంది, తుంపర మాత్రం కింద నుంచి పైకి లేచి ఆకు అడుగున తగులుతుంది. కొనేవాళ్లు రంగూ రూపూ పక్కనపెట్టి ముందు ఈ మెడ కదులుతుందో లేదో చూడండి. మెడ కదలనిది అయితే నా పాత బాటిల్ బాధే మళ్లీ మీకూ వస్తుంది.

మొదటి రోజు మందేమీ కలపలేదు, ఒట్టి నీళ్లే పోశాను. సాయంత్రం ఎండ దిగాక చెట్టు కింద గొంతుక్కూర్చుని ఒక కణుపు మీద ధార పెట్టాను. దూది ముందు తడిసి బూడిద రంగుకు తిరిగింది. తర్వాత ఒక అంచు లేచింది. లేచిన అంచు కిందికి నీళ్లు దూరగానే మొత్తం ముద్దగా ఊడి కిందపడింది. ఊడిన చోట బెరడు శుభ్రంగా, తడిగా మెరుస్తూ కనబడింది. మూడు వారాలుగా కదలనిది అర నిమిషంలో పోయింది! ఆ రోజు చీకటి పడేదాకా లేవలేదు.

ధారను కొమ్మకు కనీసం జానెడు దూరంలో పట్టుకోవాలి. దగ్గరగా పెడితే లేత ఆకు చిరుగుతుంది, మొగ్గ రాలుతుంది. నేను రెండు మొగ్గలు అలాగే పోగొట్టుకున్నాను. చెట్టు కింద పాత దుప్పటి పరిచి, పడినవన్నీ సబ్బునీళ్ల బకెట్‌లో దులపండి. నేల మీద వదిలేస్తే బతికున్నవి మళ్లీ చెట్టెక్కుతాయి.

నీళ్ల ధారతోనే అంతా పోదు. ఒక్కో ఆడపురుగు మైనపు పోగులతో అల్లిన సంచిలో వందల గుడ్లు పెడుతుంది. ఆ సంచిలోకి మందు దిగదు. వెచ్చటి రోజుల్లో వారం అటూ ఇటూగా గుడ్లు పగిలి, కంటికి సరిగ్గా ఆనని పిల్లపురుగులు బయటికొస్తాయి. ఒంటికి ఇంకా మైనం పట్టని ఆ పిల్ల దశలో సబ్బూ నూనే బాగా పని చేస్తాయి. అందుకే ఒక్కసారి గట్టిగా కొట్టి ఊరుకుంటే లాభం లేదు. వారానికోసారి చొప్పున నేను ఐదు వారాలు కొట్టాను.

నా పాళ్లు ఇవి: లీటరు గోరువెచ్చని నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేప నూనె, 2 మిల్లీలీటర్ల లిక్విడ్ సోప్. ముందు సబ్బూ నూనే బాగా గిలక్కొట్టి, తెల్లగా అయ్యాక నీళ్లు పోయాలి. సబ్బు లేకుండా పోస్తే నూనె పైన తేలుతుంది. స్ప్రేయర్ గొట్టం అడుగు నుంచి పీలుస్తుంది కాబట్టి మొదట ఒట్టి నీళ్లు వస్తాయి, చివర్లో చిక్కటి నూనె వచ్చి ఆకును మాడ్చేస్తుంది. సబ్బు కలిపినా సరే, మధ్య మధ్యలో ట్యాంకును ఊపుతూ ఉండండి. మొదటిసారైతే రెండు మూడు ఆకుల మీద కొట్టి ఒకరోజు చూడండి. కలిపింది ఆ పూటే వాడేయాలి. వేప నూనెలో పని చేసే అజాడిరక్టిన్ ఎండకు త్వరగా పాడవుతుంది, నూనె తడి మీద ఎండ పడితే ఆకూ మాడుతుంది, కాబట్టి సాయంత్రమే మంచిది. ఇంకో మంచి కూడా ఉంది. మందార పువ్వు చాలా రకాల్లో ఒక్కరోజే ఉంటుంది, సాయంత్రానికి ముడుచుకుంటుంది. ఆ వేళకు తేనెటీగలు కూడా వెళ్లిపోయి ఉంటాయి.

స్ప్రేయర్ ఒక్కటే చెట్టును కాపాడిందని చెప్పను. గుత్తులుగా మారిన కొనలన్నీ అంతకుముందే కత్తిరించేశాను. ఆ ముడతలోకి ఏ ధారా వెళ్లదు. కత్తిరిస్తుంటే చెయ్యి రాలేదు, ప్రతి కొనకూ నాలుగైదు మొగ్గలున్నాయి. కానీ మందారం మొగ్గ వేసేది కొత్త చిగురు మీదే, కాబట్టి కత్తిరించిన కొమ్మ మళ్లీ పూస్తుంది. నాకు పదో వారంలో మొదటి పువ్వు వచ్చింది. చీమల్ని కూడా ఆపాలి. పిండినల్లి వదిలే తియ్యటి బంక కోసం చీమలు వస్తాయి, వచ్చి పిండినల్లిని తినే పురుగుల్ని తరిమేస్తాయి. కాండం చుట్టూ వెడల్పు టేపు చుట్టి, దాని మీద జిగురు రాశాను. నేరుగా బెరడుకు రాయకండి.

మూడో వారంలో ఒకటి జరిగింది, అది తప్పకుండా చెప్పాలి. ఒక కొమ్మ మీద మామూలు పిండినల్లికి రెండింతలున్న తెల్లటి పురుగు కనబడింది. ఒంటి నిండా మైనపు పోగులు వేలాడుతున్నాయి. ధార పెట్టబోతూ ఆగాను, ఎందుకంటే అది చకచకా నడుస్తోంది. పిండినల్లికి అంత చురుకు ఉండదు. చూస్తుండగానే వెళ్లి ఒక గుడ్ల సంచిలో తల దూర్చింది. అది క్రిప్టోలేమస్ అనే అక్షింతల పురుగు పిల్ల. పెద్దదయ్యాక నల్లటి రెక్కలు, నారింజ రంగు తలతో ఉంటుంది. దీని సొంత దేశం ఆస్ట్రేలియా. పిండినల్లిని తింటుందని 19వ శతాబ్దం చివర్లోనే కాలిఫోర్నియా తోటలకు తీసుకెళ్లారు. ఆ కొమ్మకు దారం కట్టి, అక్కడ కొట్టడం మానేశాను. స్ప్రేయర్ చేతిలో ఉంటే కనబడిన తెల్లటిదాన్నల్లా కొట్టాలనిపిస్తుంది. ఒక్క నిమిషం ఆగి అది నడుస్తోందేమో చూడండి.

ఇప్పుడు లోపాలు. 2 లీటర్లు అని రాశారు గానీ గాలికి చోటు ఉండాలి, నింపాల్సిన గీత 1.5 లీటర్ల దగ్గరే ఉంది. నా పెద్ద చెట్టుకు మూడుసార్లు నింపాలి. నిండుగా ఉన్నప్పుడు ఒంటి చేత్తో పట్టుకుంటే మణికట్టు లాగుతుంది. ట్రిగర్‌ని నొక్కిన చోటే ఆపే లాక్ రెండో నెలలో విరిగిపోయింది.

నాజిల్ తరచూ మూసుకుపోతుంది. నూనె లోపల జిగురులా పేరుకుంటుంది. పిన్నుతో పొడవకండి, రంధ్రం అరిగి తుంపర వంకరగా వస్తుంది. మొన విప్పి వేడి సబ్బునీళ్లలో పావుగంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు. వాడిన ప్రతిసారీ ట్యాంకు కడిగి, మంచినీళ్లు పోసి నిమిషం సేపు కొట్టడం మొదలుపెట్టాక ఈ బాధ దాదాపు తీరింది.

అన్నిటికంటే విసిగించింది మూత కింద ఉండే రబ్బరు రింగు. ఐదో నెలలో ఎంత కొట్టినా ఒత్తిడి నిలిచేది కాదు, మూత చుట్టూ బుస్సుమని గాలి. విప్పి చూస్తే రింగు ఉబ్బి, ఒకచోట చీలిపోయింది. విడి రింగు కావాలని తయారు చేసినవాళ్లకు రెండుసార్లు రాశాను, ఒక్కసారీ జవాబు రాలేదు. ఇంత మంచి వస్తువు చేసి, చిటికెన వేలంత రింగు ఇవ్వకపోతే మొత్తం పారేయాల్సిందేనా? నాకు చాలా కోపం వచ్చింది. చివరికి ప్లంబింగ్ సామాన్లలో అదే కొలత రింగు దొరికింది. నెలకోసారి దానికి సిలికాన్ గ్రీజు రాస్తున్నాను.

మూత విప్పేముందు పక్కనున్న వాల్వు లాగి గాలి పూర్తిగా వదలండి. ఒత్తిడితో ఎండలో ఉంచకండి. కలుపు మందుకు వాడిన స్ప్రేయర్‌ని ఎంత కడిగినా మందారం దగ్గరికి తేవద్దు.

ఒకటి రెండు చిన్న కుండీలే ఉన్నవాళ్లకు ఇది అక్కర్లేదు. దూది పుల్లను రబ్బింగ్ ఆల్కహాల్‌లో (చర్మం తుడిచే స్పిరిట్) ముంచి ఒక్కో పురుగునూ తుడిచేయండి, అది ఇంకా శుభ్రంగా పోతుంది. కొత్త ఆకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయంటే సాధారణంగా మట్టిలో ఇనుము అందట్లేదని, స్ప్రేయర్‌తో పురుగు మందు కొట్టి లాభం లేదు. నడుము ఎత్తు దాటిన మందారాలు రెండు మూడున్నా, చేతి నొప్పి ఉన్నా, తప్పకుండా తీసుకోండి. ఐదుకి నాలుగు ఇస్తాను. పోయిన ఆ ఒక్కటీ రింగు వల్లే.

నిన్న సాయంత్రం ఎర్ర మందారానికి పదకొండు మొగ్గలు లెక్కపెట్టాను. దారం కట్టిన కొమ్మ మీదే నాలుగున్నాయి. స్ప్రేయర్‌లో ఇప్పుడు ఎక్కువగా మంచినీళ్లే పోస్తున్నాను, వారానికోసారి ఆకుల అడుగు కడగడానికి. అదే కొలత రింగులు ఇంకో రెండు తెచ్చి, చిన్న కవర్లో వేసి పంపు పిడికి కట్టి ఉంచాను.