"చూసి వెయ్యి" అర్థం కానివాళ్లకు డిజిటల్ కాటా: ఒక సమీక్ష

అమ్మ, అక్క, పిన్ని అందరూ కేకుల్లో ఆరితేరిన ఇంట్లో, మనసు లేకుండా ఓవెన్ ముందుకు వచ్చినవాళ్లకు దొరికే సలహా ఒకటే: "కొంచెం మైదా వెయ్యి, చూసి పాలు పొయ్యి." ఆ "కొంచెం" ఎంతో వాళ్ల చేతికి తెలుసు, అలవాటు లేని చేతికి తెలియదు. ఆ లోటును తీర్చే వస్తువు ఒకటుంది. 5 కిలోల వరకు తూచుతూ, 1 గ్రాము తేడాను కూడా చూపే మామూలు డిజిటల్ కిచెన్ స్కేల్. అది ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ తప్పు చూపిస్తుందో చూద్దాం.

కప్పులతో కొలిచేటప్పుడు ఎక్కువగా తేడా చేసేది మైదా. చెంచాతో వదులుగా నింపి, పైన చదును చేస్తే కప్పుకు సుమారు 120 గ్రాములు పడుతుంది. అదే కప్పును డబ్బాలో ముంచి తీస్తే 145 దాటవచ్చు. రెండు కప్పుల కేకులో ఇది 50 గ్రాముల తేడా. గుడ్లు, వెన్న అంతే ఉండి పిండి ఒక్కటే పెరిగితే కేకు నడుమ ఉబ్బి పగులుతుంది, తింటే పొడిపొడిగా ఉంటుంది. అది చూసి "నీకు చెయ్యి తిరగలేదు" అంటారు. నిజానికి తిరగనిది కప్పు.

కాటా చేతిలో ఉంటే కొలతలు రాసుకోకుండానే చేయగలిగే కేకు ఒకటుంది. నాలుగు గుడ్లను పెంకుతోనే తూచండి. 230 గ్రాములు వచ్చాయనుకుందాం. వెన్న 230, పంచదార 230, మైదా 230, రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్. గిన్నె పెట్టి టేర్ బటన్ నొక్కితే అంకె సున్నా అవుతుంది. మెత్తబడిన వెన్న వేసి, మళ్లీ టేర్ నొక్కి, పంచదార వేయాలి. మైదాను మాత్రం వేరే గిన్నెలోనే తూచండి. పెద్ద గిన్నెలోకి చెయ్యి జారి 30 గ్రాములు ఎక్కువ పడితే వెన్నలోంచి వెనక్కి తీయలేం. వెన్న, పంచదార తెల్లబడేదాకా గిలకొట్టి, గుడ్లు ఒక్కొక్కటిగా కలిపి, చివర మైదాను నెమ్మదిగా కలపాలి. పిండిని 20 సెంటీమీటర్ల రెండు అచ్చుల్లో పోసేటప్పుడు కూడా కాటా మీదే పెట్టి సమంగా పంచితే రెండూ ఒకేసారి ఉడుకుతాయి. ముందే వేడిచేసిన ఓవెన్‌లో 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర 25 నిమిషాలకు పుల్ల గుచ్చి చూడవచ్చు.

మాకు అన్నిటికన్నా నచ్చిన ఉపయోగం ఇంకొకటి: ఇంట్లోవాళ్ల చేతి కొలతను పట్టుకోవడం. "ఎన్ని గ్రాములు పిన్నీ?" అని అడిగితే జవాబు రాదు. అందుకే వాళ్లు మొదలుపెట్టేముందు మైదా డబ్బా, పంచదార డబ్బా, పాల గిన్నె విడివిడిగా తూచి రాసి పెట్టుకోండి. వాళ్ల పద్ధతిలో వాళ్లను చేయనివ్వండి. అయ్యాక మళ్లీ తూచి, మొదటి అంకెలోంచి తీసేస్తే వాడింది ఎంతో తేలుతుంది. ఇలా మూడుసార్లు రాస్తే ఒక సంగతి బయటపడుతుంది: మైదా, పంచదార పెద్దగా మారవు, పాలే ఎక్కువగా మారతాయి. పిండి తడిని ఎంత పీల్చుకుందో చూసి వాళ్లు సర్దుతున్నది అక్కడే. కాబట్టి పాల కొలతలో చివరి 20 గ్రాములు కాటాకు వదలకుండా, చెంచా నుంచి పిండి జారే తీరు చూసి పోయండి.

ఇక లోపాలు. 1 గ్రాము కాటాకు చిన్న తూకాలు లొంగవు. ఒక టీస్పూను ఇన్‌స్టంట్ ఈస్ట్ బరువు సుమారు 3 గ్రాములు. 3 అని చూపినప్పుడు లోపల ఉన్నది 2.5 కావచ్చు, 3.4 కావచ్చు. 500 గ్రాముల మైదా, 325 గ్రాముల నీళ్లతో చేసే బ్రెడ్‌లో 10 గ్రాముల ఉప్పు దీని మీదే తూచవచ్చు. ఈస్ట్, వంటసోడాలకు 0.1 గ్రాము చూపే చిన్న కాటా కావాలి, లేదంటే సమంగా గీసిన టీస్పూనే నయం.

చిటికెడు చిటికెడుగా వేస్తుంటే అంకె కదలకపోవడం ఇంకో చిక్కు. సున్నా దగ్గర జరిగే అతిచిన్న మార్పును చాలా కాటాలు యంత్రం తడబాటుగా భావించి మళ్లీ సున్నాకే తెస్తాయి. చిన్న గిన్నెలో పోసుకుని ఒకేసారి వేయాలి, లేదా గిన్నెను కాటా మీంచి ఎత్తి, అందులో వేసి మళ్లీ పెట్టాలి.

రెండు నిమిషాలు తాకకపోతే చాలా కాటాలు వాటంతట అవే ఆగిపోతాయి. తిరిగి వెలిగించగానే గిన్నెలో ఉన్నదంతా సున్నా అయిపోతుంది. ఎక్కువగా వాడే గిన్నెల ఖాళీ బరువును అడుగున చెరగని ఇంకుతో రాసి ఉంచితే లెక్క పోదు. వెడల్పు గిన్నె తెరను కప్పేస్తే, కాటా మీద చిన్న గిన్నెను బోర్లించి దానిపై పెద్దది పెట్టి, టేర్ నొక్కండి.

మిల్లీలీటర్ల బటన్‌ను నమ్మవద్దు. అది నీళ్లకు సరిపోతుంది. 100 మిల్లీలీటర్ల నూనె సుమారు 92 గ్రాములే తూగుతుంది, తేనె 140 దాకా వస్తుంది. వేడి పాత్ర నేరుగా పెడితే లోపలి సెన్సర్ వేడెక్కి అంకె జరుగుతూ పోతుంది. బ్యాటరీ తగ్గినప్పుడూ అంతే.

కొత్త కాటాను పరీక్షించాలంటే ఒక వస్తువును, ఇంకో వస్తువును విడిగా తూచి, తర్వాత రెండూ కలిపి పెట్టండి. కూడిక 1 గ్రాము తేడాలోపు సరిపోవాలి. ఒకే వస్తువును నడుమ, నాలుగు మూలలా పెట్టినా అంకె మారకూడదు, మారితే వెనక్కి ఇచ్చేయండి. అన్ని తూకాలనూ ఒకే నిష్పత్తిలో 2 శాతం ఎక్కువ చూపే కాటాతో కేకు చెడదు, పాళ్లు అలాగే ఉంటాయి కదా. ఒక్కోసారి ఒక్కో అంకె చూపేదే పిండిని పాడుచేస్తుంది.

కొనేటప్పుడు బటన్ బ్యాటరీ కన్నా మామూలు సన్న బ్యాటరీలవి, తెర ముందుకు వాలి ఉన్నవి, ఆటో ఆఫ్ సమయం ఎక్కువ ఉన్నవి ఎంచుకోండి. అల్మారాలో దాని మీద పెనాలు, పళ్లేలు పేర్చవద్దు. నెలల తరబడి ఆ బరువు మోస్తే సెన్సర్ వంగి మూలల తూకం తప్పుతుంది.