రాకుమారుడు త్రుబెత్స్కోయ్, రైల్వే ఉద్యోగి కొడుకు రోస్సో

ఇంప్రెషనిస్టు శిల్పం (నున్నటి ముగింపు కన్నా క్షణంలో కనిపించే వెలుతురును, కదలికను పట్టుకోవాలని చూసే పద్ధతి) అనగానే ఇటలీలో పుట్టిన ఇద్దరు గుర్తొస్తారు. పావొలో త్రుబెత్స్కోయ్ (1866–1938) తండ్రి రష్యన్ రాకుమారుడు, తల్లి అమెరికన్ గాయని. మెదార్దో రోస్సో (1858–1928) రైల్వే ఉద్యోగి కొడుకు.

త్రుబెత్స్కోయ్‌కి పెద్దింటి గుమ్మాలు తేలిగ్గా తెరుచుకున్నాయి. మాస్కోలో శిల్పం నేర్పాడు, టాల్‌స్టాయ్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని బొమ్మ చేశాడు. మట్టి మీద వేళ్ల గుర్తులను చెరపకుండా అలాగే కంచులోకి దించేవాడు. అందుకే ఆయన చేసిన స్త్రీల బొమ్మల్లో పట్టు గౌన్ల మీద వెలుతురు కదులుతున్నట్టే ఉంటుంది. అయితే ఆయన్ని దర్బారు శిల్పి అని తీసిపారేయడం అన్యాయం. 1909లో పీటర్స్‌బర్గ్‌లో ఆవిష్కరించిన రష్యా చక్రవర్తి (జార్) మూడో అలెగ్జాండర్ విగ్రహం చూడండి: బరువైన గుర్రం, దాని మీద అంతకన్నా బరువైన జార్. ముఖస్తుతి మచ్చుకైనా లేదు. చాలామంది దాన్ని వెక్కిరింత అనుకున్నారు. 1937లో కూడలి నుంచి తీసేశారు, ఇప్పుడు అదే ఊళ్లో మార్బుల్ ప్యాలెస్ ముందుంది. పైగా ఆయన పక్కా శాకాహారి, జంతువుల బొమ్మల్లో ఆ ప్రేమ కనిపిస్తుంది.

రోస్సోని మిలాన్‌లోని కళాశాల బ్రెరా అకాడమీ 1883లో బయటికి పంపేసింది. ప్లాస్టర్ మీద మైనం పూసి, ముఖం గాలిలో కరిగిపోతోందా అనిపించేలా చేశాడు. తన శిల్పాలను తనే ఫొటోలు తీసేవాడు.

సాహసంలో రోస్సోదే పైచేయి. కానీ ఎదుటి మనిషి ఒంటి తీరు, కూర్చునే పద్ధతి, పొగరు, అలసట పట్టుకోవడంలో నాకు త్రుబెత్స్కోయే ఎక్కువ.