ఊళ్లో చిత్రకళా కళాశాలకు చందాల దారి: 12ఎ, 80జి ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ సేవపై మా మాట

ఆదాయపు పన్ను శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో ట్రస్టులు, సొసైటీలు చేసుకునే 12ఎ, 80జి రిజిస్ట్రేషన్ సేవ ఇది. 12ఎ అంటే ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు, 80జి అంటే చందా ఇచ్చిన దాతకు పన్ను మినహాయింపు. ప్రభుత్వ ఫీజు లేదు. తీర్పు ముందే చెప్పేస్తాం. మొదటి దశ, అంటే ఫారం 10ఎ, చాలా బాగుంది. ఎవరైనా సొంతంగా నింపుకోవచ్చు. రెండో దశ, అంటే పూర్తి రిజిస్ట్రేషన్‌కు వేసే ఫారం 10ఎబి దగ్గర ఆడిటర్ సాయం తీసుకోండి. (ఇక్కడి నంబర్లు 1961 చట్టం ప్రకారం ఇచ్చినవి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం వర్తిస్తుంది కనుక కొత్త నంబర్లతో సరిచూసుకోండి.)

80జి వస్తే కళాశాలకు డిగ్రీ ఇచ్చే హక్కు వచ్చినట్టు కాదు. నాలుగేళ్ల బీఎఫ్‌ఏకి (లలితకళల డిగ్రీ) తెలంగాణలో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం) లాంటి విశ్వవిద్యాలయం అనుబంధం తెచ్చుకోవడం వేరే పని. ఈ సేవ డబ్బు తెచ్చుకునే దారి మాత్రమే.

లాగిన్ కాకముందే ట్రస్టు డీడ్ తెరిచి ఆశయాల పేజీ చదవండి. ఊళ్లో ట్రస్టు అనగానే చిత్రకళా బోధనతో పాటు గుడి జీర్ణోద్ధరణ, ఫలానా కులం పిల్లలకు సాయం కూడా ఒకే డీడ్‌లో రాసేస్తారు. 80జికి గండి పడేది అక్కడే. ఒక మతానికో కులానికో మేలు చేసే సంస్థకు 80జి రాదు. మతపరమైన ఖర్చు ఏడాది ఆదాయంలో 5 శాతం దాటకూడదు. గుడి పని మీద మనసుంటే దానికి వేరే ట్రస్టు పెట్టుకోండి. ట్రస్టు రద్దయితే ఆస్తి అలాంటి ఆశయాలున్న మరో సంస్థకే చేరుతుందన్న షరతు కూడా డీడ్‌లో ఉండాలి.

తర్వాత చూడాల్సింది పేరు. డీడ్ తెలుగులో ఉంటుంది, పాన్ కార్డు ఇంగ్లీషులో వస్తుంది. ‘కళాపీఠం’ అన్న ఒక్క మాటనే పాన్ మీద ‘టి’ పక్కన ‘హెచ్’ పెట్టి, బ్యాంకు పాస్‌బుక్‌లో ‘హెచ్’ లేకుండా రాస్తారు. పాన్, పాస్‌బుక్, డీడ్ ఇంగ్లీషు అనువాదం మూడింట్లోనూ ఒకే స్పెల్లింగ్ ఉండేలా ముందే దిద్దించుకోండి. తెలుగు డీడ్‌కు ఇంగ్లీషు అనువాదం జతచేయడం మేలు.

10ఎ ఫారం 12ఎకి ఒకటి, 80జికి ఒకటి, విడివిడిగా వేయాలి. కార్యకలాపాలు ఇంకా మొదలుకాని సంస్థకు మూడేళ్ల తాత్కాలిక రిజిస్ట్రేషన్ వస్తుంది. దరఖాస్తు అందిన నెల ముగిశాక ఒక నెల లోపు ఉత్తర్వు ఇవ్వాలన్నది నియమం. అప్పటికే తరగతులు నడుస్తుంటే ఈ దారి కాదు, నేరుగా 10ఎబి.

ఎక్కువమంది పొరబడేది ఈ మూడేళ్ల దగ్గరే. ‘ఇంకా టైముంది’ అనుకుంటారు. నిజానికి కార్యకలాపాలు మొదలైన ఆరు నెలల లోపు, లేదా మూడేళ్ల గడువు తీరడానికి కనీసం ఆరు నెలల ముందు, ఈ రెంటిలో ఏది ముందొస్తే అప్పటికి 10ఎబి వేయాలి. వేసవిలో నలభైమంది పిల్లలకు డ్రాయింగ్ శిబిరం పెట్టారంటే ఆ రోజు నుంచే లెక్క మొదలు.

ఈ దశలో అధికారి అడిగేది మీరు నిజంగా ఏం చేశారని. హాజరు పట్టీ, గురువులకిచ్చిన గౌరవ వేతనం వోచర్లు, డ్రాయింగ్ షీట్లు, పోస్టర్ కలర్ల బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు చూపాలి. శిల్పం తరగతికి బంకమట్టి ఊరి చెరువు నుంచే వస్తుంది, దానికి బిల్లు ఎవరిస్తారు? ట్రాక్టరు కిరాయికి తేదీ, ఎన్ని ట్రిప్పులు, ఇచ్చిన మొత్తం, డ్రైవరు సంతకంతో వోచరు రాసిపెట్టుకోండి. ఆ చిన్న కాగితమే మీ కళాశాల బతికి ఉందనడానికి సాక్ష్యం.

ఇక చందాలు. బందరులో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ఆంధ్ర జాతీయ కళాశాలను చందాలతోనే నిలబెట్టారు. ఆ దారి ఇప్పటికీ గొప్పదే, లెక్క మాత్రం మారింది. ధాన్యం అమ్మిన రైతు ప్రేమతో ₹5,000 నోట్లు చేతిలో పెడితే 80జి మినహాయింపు ఒక్క రూపాయికీ రాదు. నగదు ₹2,000 దాటితే మొత్తం పోతుంది. యూపీఐ క్యూఆర్ ట్రస్టు ఖాతాకే ఉండాలి, కోశాధికారి ఫోనుకు కాదు. వస్తురూపంలో ఇచ్చిన కాన్వాసులకూ ఈజిళ్లకూ మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికీ లేదు. దాతల్ని అడిగేముందే ఈ సంగతి చెప్పండి.

రసీదు పుస్తకంలో పాన్ లేదా ఆధార్ నంబరుకు గడి తప్పక అచ్చు వేయించండి. ఏటా మే 31 లోగా 10బిడి ఫారంలో దాతల వివరాలు ఎక్కించి, ప్రతి దాతకూ 10బిఇ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకు ₹200 రుసుము. భవన నిధికిచ్చే డబ్బైతే ‘ఇది మూలధన విరాళం’ అని దాత చేత రాయించుకోండి. లేకపోతే అది ఆ ఏటి ఆదాయంలో కలిసి, 85 శాతం ఖర్చు చూపాల్సి వస్తుంది.

ఇంత శ్రమ ఎందుకంటే కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) నిధుల కోసం. ఆ నిధులకు అర్హత ఇచ్చే సీఎస్‌ఆర్-1 ఫారం నమోదుకు 12ఎ, 80జి రెండూ కావాలి. ఆ పైన అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం చూపాలి. అందుకే భవనం కోసం ఆగకండి, పాత బడి గదిలోనైనా ఆదివారం తరగతులు మొదలుపెట్టండి.

విదేశాల్లోని మనవాళ్ల డబ్బు దగ్గర మరో మెలిక ఉంది. భారత పాస్‌పోర్టున్న ఎన్నారై తన సొంత డబ్బు ఇస్తే మామూలు చందా. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివారికిచ్చే) కార్డున్నా సరే, విదేశీ దాతలే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా వాళ్ల దగ్గర డాలరు కూడా తీసుకోకండి. రసీదు రాసేముందు అడగాల్సింది వాళ్లుండే ఊరు కాదు, పాస్‌పోర్టు ఏ దేశానిదని.