వల ఎక్కడుందో చెప్పే కూతపెట్టె: కాకినాడ బోటు మీద కట్టి చూశాం

బోటు ఎక్కడుందో జీపీఎస్ చెబుతుంది, వల ఎక్కడుందో చెప్పదు. ఇరవై రెండేళ్లుగా కాకినాడ నుంచి ట్రాలర్ మీద వేటకు వెళ్తున్నాను. సొంత బోటు కొని తొమ్మిదేళ్లయింది. ఇన్నేళ్లలో అడుగున ఏదో ఒకదానికి తగులుకుని మూడు వలలు పోయాయి. మూడుసార్లూ ఆ అడ్డం ఎక్కడుందో నాకు తెలుసు, స్క్రీన్ మీద గుర్తు కూడా పెట్టుకున్నాను. బోటు దాన్ని తప్పుకునే వెళ్లింది. వెనక వస్తున్న వల తప్పుకోలేదు.

అందుకే నీళ్లలో శబ్దం పంపి వల జాడ చెప్పే పరికరం ఉందని ఒక డీలరు చెప్పగానే, ముందు నా బోటు మీద కట్టి చూపించమన్నాను. ఆగస్టులో ఒకసారి, సంక్రాంతి వెళ్లాక ఇంకోసారి కట్టారు. కంపెనీ పేరు, డీలరు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటిది కొనాలనుకునే బోటు ఓనర్లకు, బోటు నడిపే సరంగులకు నేను చూసింది చెప్పాలని రాస్తున్నాను.

ఇందులో ఉన్నవి రెండు ముక్కలు. మోచేతి పొడవు పసుపుపచ్చ గొట్టం ఒకటి, దాన్ని వల పైతాడు మధ్యలో కడతారు. రెండోది ఇనప పోల్ చివర ఉండే తల, దాన్ని బోటు పక్క నుంచి నీళ్లలోకి దించుతారు. తల ఒక కూత పెడుతుంది, గొట్టం దానికి జవాబుగా కూస్తుంది. వెళ్లి రావడానికి పట్టిన టైమును బట్టి దూరం తెలుస్తుంది. తలలో పక్కపక్కనే ఉన్న చిన్న చెవులకు ఆ జవాబు ఒక్కో దానికి రవ్వంత తేడాతో చేరుతుంది, దాన్ని బట్టి దిక్కు తెలుస్తుంది. ఉప్పునీళ్లలో రేడియో సిగ్నల్ పోదు కాబట్టి అక్కడ శబ్దం మీదే ఆధారపడాలి. మా కళాసీలు దీనికి కూతపెట్టె అని పేరు పెట్టేశారు.

ఆగస్టులో కట్టినప్పుడు ఏమీ బాగోలేదు. గోదావరికి వరద వచ్చిన వారం అది. ఏరు సముద్రంలో కలిసే భైరవపాలెం ఎదురుగా చాలా దూరం లోపలికి వెళ్లినా నీళ్లు ఎర్రగానే ఉన్నాయి. వెనక్కి తిరిగి చూస్తే ఫ్యాను తిరిగిన దారంతా పచ్చగా చారలా కనబడుతోంది. అంటే పైన పలచగా ఏటి నీరు, దాని కిందే ఉప్పునీరు. అలా పొరలుగా ఉన్న చోట శబ్దం తిన్నగా పోదు, వంగిపోతుంది. ఉప్పు తక్కువైన నీళ్లలో దాని వేగం కూడా తగ్గుతుంది. స్క్రీన్ మీద వల చుక్క ఒక్కసారిగా ముప్పై మీటర్లు ఎడమకి గెంతేది, మళ్లీ కుడికి వచ్చేది. చాలాసేపు అసలు బదులే రాలేదు.

మా బాబాయి పాత సరంగు. వాకలపూడి లైట్‌హౌస్‌ని గురుతు పెట్టుకుని వల వేసిన మనిషి. కాసేపు స్క్రీన్ చూసి, "ఒరేయ్, వల ఇలా గెంతదు. గెంతేది ఆ పెట్టె బుర్ర" అన్నాడు. ఆయన మాటే నిజమైంది. పోల్ పట్టుకునే క్లాంపు వంగిపోయి, అలకి తల ఊగుతోంది. తల ఒక్క డిగ్రీ తిరిగితే 300 మీటర్ల అవతల చుక్క ఐదు మీటర్లు జరిగిపోతుంది. ఆ రోజు తల ఎన్ని డిగ్రీలు ఊగిందో!

పైగా సాయంత్రానికి కేబుల్ జాయింటులోకి ఉప్పునీరు దిగి ఒక పిన్ను నల్లబడింది. ఆ చిన్న ముక్క తెప్పించడానికి డీలరు ఇరవై ఐదు రోజులు తిప్పాడు. ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు. వేట సాగే రోజుల్లో ఇరవై ఐదు రోజులంటే మాకు ఎంత నష్టమో ఆయనకి తెలియాలి.

జనవరిలో వచ్చిన టెక్నీషియన్ కుర్రాడు వేరే. పని తెలిసినవాడు. వల వేద్దామంటే ఆగమన్నాడు. పన్నెండు బారల లోతులో గొట్టాన్ని రాయికి కట్టి దించాడు. పైన బోయా వేసి, దించిన చోటు జీపీఎస్‌లో గుర్తు పెట్టాడు. తర్వాత దాని చుట్టూ 150 మీటర్ల దూరంలో బోటుని గుండ్రంగా తిప్పమన్నాడు. గొట్టం కదలదు కదా, చుక్కలన్నీ ఒక్కచోటే పడాలి. పడలేదు. గుర్తు చుట్టూ గాజులాగా గుండ్రంగా వచ్చాయి.

"అన్నా, ఇలా గాజులా వచ్చిందంటే తల కాస్త పక్కకి తిరిగి బిగిసిందన్నమాట" అన్నాడు.

లెక్క కట్టి ఆరు డిగ్రీలు సరిచేశాడు. ఆగస్టులో శబ్దం వేగం 1500 అని పెట్టి వదిలేశారట. మన దగ్గర చలికాలంలో కూడా సముద్రపు నీరు వెచ్చనే, వెచ్చటి నీళ్లలో శబ్దం ఇంకా వేగంగా పోతుంది కాబట్టి సెకనుకి 1530 మీటర్లు పెట్టాడు. పాత లెక్కనే ఉంచితే 300 మీటర్ల దూరం ఆరు మీటర్లు తక్కువ చూపిస్తుందట. మళ్లీ తిప్పాం. ఈసారి చుక్కలన్నీ గుప్పెడు బియ్యం పోసినట్టు ఒక్కచోటే పడ్డాయి. నాకు అప్పుడు నమ్మకం కుదిరింది. ఎవరైనా ఈ పరికరం అమ్మడానికి వస్తే ముందు ఈ గాజు పరీక్ష చేయించండి, చేయనంటే పంపించేయండి.

తర్వాత వల వేశాం. ట్రాలర్‌కి ఉన్న పెద్ద చిక్కు ఏమిటంటే వల ఉండేది సరిగ్గా బోటు వెనక. ఫ్యాను కొట్టిన నురుగు, గాలి బుడగలు అడ్డం వచ్చి శబ్దాన్ని మింగేస్తాయి. మొదట పది కూతలకి మూడో నాలుగో బదులు వచ్చాయి. పోల్‌ని బోటు అడుగు కంటే మీటరున్నర కిందికి దించాక ఎనిమిది దాకా వచ్చాయి. లోతు చూడ్డానికి అదీ శబ్దమే పంపే ఎకో సౌండర్‌ని ఆపేస్తే ఇంకా నయం.

ఆ రోజు చూసింది నేను మర్చిపోలేను. తిన్నగా పోతున్నంతసేపూ వల బోటు వెనకే ఉందనుకుంటాం. లేదు. నీళ్లు దక్షిణానికి లాగుతున్నాయి, వల 150 మీటర్ల వెనక నలభై మీటర్లు పక్కకి జరిగి వస్తోంది. ఎడమకి తిప్పితే వల నా దారినే రాలేదు, మలుపు లోపలి నుంచి అడ్డంగా కోసుకుని వచ్చింది. నా మూడు వలలూ ఎలా పోయాయో అప్పుడు అర్థమైంది. మునిగిన పాత బోటు గుర్తు పక్కనుంచి బాబాయి వల చుక్కనే చూస్తూ స్టీరింగ్ తిప్పాడు. వల డెబ్బై మీటర్ల ఎడంగా దాటింది. మామూలుగా అయితే ఆ చుట్టుపక్కలకే వెళ్లం.

చేపలు ఎక్కువ పడతాయని డీలరు చెప్పే మాట మాత్రం నమ్మకండి. చేప ఎక్కడుందో ఇది చెప్పదు. వల కాపాడుకోవడానికైతే పనికొస్తుంది. బురద దగ్గర జాగ్రత్త. ఒకసారి వల అడుగు పట్టేసి పైకి వచ్చినప్పుడు గొట్టం మూతి నిండా నల్ల బురద, వేలితో గీరి మంచినీళ్లతో కడిగితే గానీ మళ్లీ కూయలేదు. ఛార్జింగ్ పెట్టే ముందు కూడా మంచినీళ్లతో కడిగి తుడవాలి. స్క్రీన్ మీద అంతా ఇంగ్లీషే. తెలుగు కావాలని అడిగాను, రాసుకున్నారు.

ధర మాత్రం ఒక్క బోటు మోసేది కాదు. వాళ్లు చెప్పిన రేటుకి మా ఇంజను రెండుసార్లు విప్పి బాగు చేయించుకోవచ్చు. నేనూ, జెట్టీలో పక్కన కట్టుకునే ఇంకో ముగ్గురు ఓనర్లూ కలిసి ఒక సెట్ తీసుకోవాలని మాట్లాడుకుంటున్నాం. గట్టి క్లాంపు, స్పేర్ కేబుల్ ఇవ్వాలని, పాడైతే వారంలో మనిషి రావాలని కాగితం మీద రాయమన్నాం. వరద రోజుల్లో ఏటి మొగల ఎదుట దీన్ని నమ్మి వల వేయకూడదని మాలో మేం ముందే అనుకున్నాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోటు ఒడ్డునే ఉంటుంది. ఆలోపు కాగితం వస్తే పోల్ బిగించడానికి పట్టీలు వెల్డింగ్ చేయించి పెడతాను.