జేసన్‌లో ఐటమ్స్ లెక్కపెట్టడానికి జేక్యూ భేష్, సున్నా వస్తే మాత్రం ఆగండి

సర్వర్ నుంచి వచ్చిన జేసన్ (డేటాని పేరు, విలువ జతలుగా రాసే టెక్స్ట్ ఫార్మాట్) ఫైల్లో ఎన్ని ఆర్డర్లున్నాయో తెలియాలి, నాకు రోజూ ఉండే పని ఇదే. మొదట్లో టెక్స్ట్ వెతికే కమాండ్ గ్రెప్‌కి మైనస్ సి ఇచ్చి చూసేవాణ్ణి. అది లెక్కపెట్టేది లైన్లని. మా ఫైలంతా ఒకే లైన్లో ఉండేది కాబట్టి ఆర్డర్లు ఎన్నున్నా 1 అనే చెప్పేది.

జేసన్ కోసమే ఉన్న కమాండ్ లైన్ టూల్ జేక్యూలో అయితే డాట్ ఆర్డర్స్, పైప్, లెంగ్త్ (.orders | length). ఈ ముక్కని సింగిల్ కోట్స్‌లో పెట్టి పక్కన ఫైల్ పేరు ఇస్తే అంకె వచ్చేస్తుంది. ఫెయిలైనవి మాత్రమే కావాలంటే మధ్యలో మ్యాప్, సెలెక్ట్ చేర్చుకోవాలి. లైనుకో జేసన్ ఉండే లాగ్ ఫైళ్లకి మైనస్ ఎస్ ఇస్తే అన్నిటినీ ఒక అరేలోకి (జాబితాలోకి) చేర్చి లెక్కిస్తుంది, కాకపోతే మొత్తం మెమరీలోకి ఎక్కించుకుంటుంది, జీబీల ఫైళ్ల మీద మాత్రం వద్దు.

నా అసలు కంప్లైంట్ ఒకటుంది. కీ (ఆర్డర్స్ లాంటి డేటా పేరు) తప్పు రాస్తే ఎర్రర్ ఇవ్వదు. ఓ రాత్రి లెక్క 0 అని వచ్చింది, ఆ రోజు డేటా మొత్తం పోయిందనుకుని అరగంట టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే ఫైల్లో ఆర్డర్స్ మొదటి అక్షరం క్యాపిటల్! లేని కీకి నల్ (విలువ ఏమీ లేదని అర్థం) వస్తుంది, నల్‌కి లెంగ్త్ 0, జేక్యూ రూల్ ప్రకారం అది కరెక్టే, కానీ చూసేవాళ్లకి ఖాళీ అరేకీ లేని అరేకీ తేడా ఎలా తెలుస్తుంది? అప్పట్నుంచీ 0 కనబడితే లెంగ్త్ బదులు టైప్ అని పెట్టి, అది అరేనా నల్లా అని చూసుకుంటున్నాను. మీరూ అలా చేయండి.

మనవాళ్లు గమనించాల్సింది ఇంకోటి. స్ట్రింగ్‌కి లెంగ్త్ అడిగితే యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకీ ఉండే నంబర్లని, అంటే కోడ్‌పాయింట్లు లెక్కపెడుతుంది. 'తెలుగు' అని ఇచ్చి చూడండి, మనకి మూడక్షరాలు, దానికి 6, గుణింతాలు విడిగా లెక్కలోకి వస్తాయి. తెలుగు పేర్లకి అక్షరాల పరిమితి పెట్టేవాళ్లు దీని మీద ఆధారపడొద్దు.

స్టీఫెన్ డోలన్ 2012లో ఇచ్చిన ఉచిత టూల్ ఇది. 2018లో 1.6 వచ్చాక 1.7 కోసం 2023 దాకా ఆగాల్సొచ్చింది, ఇక ఆగిపోయిందేమో అని నిజంగా దిగులేసింది. కొత్త టీమ్ చేతికొచ్చాక మళ్లీ కదిలింది, వాళ్లకి చాలా థాంక్స్.

విండోస్ కమాండ్ ప్రాంప్ట్ సీఎమ్‌డీలో సింగిల్ కోట్స్ పనిచేయవు, డబుల్ కోట్స్ పెట్టండి.