పవర్‌ఎడ్జ్ ఆర్740 హాట్‌స్వాప్ బే: లైటు ఆరిందని డ్రైవ్ లాగేయొద్దు

ఈ సమీక్ష డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్740లో ఎనిమిది 3.5 అంగుళాల డ్రైవులు పట్టే మోడల్ గురించి. సర్వర్ నడుస్తుండగానే చెడిన డ్రైవ్ తీసి కొత్తది పెట్టడానికి ఈ బే నిర్మాణం చక్కగా కుదిరింది. చిక్కంతా స్థితి చూపే లైటు దగ్గరే.

అది నిలకడగా ఆకుపచ్చగా ఉంటే డ్రైవ్ పనిలో ఉన్నట్టు. సెకనుకు నాలుగుసార్లు అంబర్ రంగులో కొట్టుకుంటే పోయినట్టు. ఆకుపచ్చ, అంబర్ వెలిగి ఆరుతుంటే త్వరలో పోతుందని హెచ్చరిక. ఇక్కడిదాకా స్పష్టమే. ఆరిపోయి ఉంటేనే గందరగోళం. డ్రైవ్ తీయడానికి సిద్ధంగా ఉన్నప్పుడూ ఆరే ఉంటుంది. సర్వర్ ఆన్ చేశాక డ్రైవులన్నీ ఇనిషియలైజ్ అయ్యేదాకానూ ఆరే ఉంటుంది, అప్పుడు మాత్రం ముట్టుకోకూడదు. ఏహెచ్‌సీఐ మోడ్‌లో (రెయిడ్ కంట్రోలర్ లేకుండా మదర్‌బోర్డు సాటా పోర్టుతోనే డ్రైవ్ నడిచేటప్పుడు) అయితే అసలు వెలగదు. అందుకే ఐడ్రాక్‌లో (సర్వర్‌ను దూరం నుంచి చూసుకునే డెల్ నిర్వహణ సాధనం) ఆ స్లాట్‌కి బ్లింక్ ఆదేశం ఇచ్చి, సెకనుకు రెండుసార్లు మెరిసే ఆకుపచ్చను కళ్లారా చూశాకే చెయ్యి పెట్టాలి. రెయిడ్ 5లో (డేటాను కొన్ని డ్రైవులకు పంచి, ఒకటి పోయినా నిలబెట్టే పద్ధతి) ఒకటి పోయి ఉండగా పొరపాటున పక్కది లాగితే, ఆ డ్రైవులన్నీ కలిసి ఒకటిగా కనిపించే వాల్యూమ్ మొత్తం పడిపోతుంది.

హెచ్చరిక మాత్రమే వచ్చి ఇంకా నడుస్తున్న డ్రైవునైతే ముందు రెయిడ్ కంట్రోలర్‌లో ఆఫ్‌లైన్ చేయాలి. బెజెల్ (ముందు మూత) తీసి, క్యారియర్ (డ్రైవును పట్టి ఉంచే ట్రే) బటన్ నొక్కితే లివర్ తెరుచుకుంటుంది. రెండు సెంటీమీటర్లు బయటికి జరిపి అర నిమిషం ఆగండి. లోపలి పళ్లేలు తిరుగుతుండగా డ్రైవును ఊపితే హెడ్లు దెబ్బతింటాయి.

విడి డ్రైవ్ కొంటే క్యారియర్ రాదు, పాతదానిలోంచి మార్చుకోవాలి. పక్కల నాలుగు స్క్రూలు. 3.5 అంగుళాల డ్రైవుకు 6-32 స్క్రూలే సరి. 2.5 అంగుళాలవాటికి వాడే ఎం3 వేస్తే సన్నగా ఉండి పట్టు దొరకదు, అదురుకి వదులవుతుంది. పెట్టేటప్పుడు లివర్ తెరిచే ఉంచి, బ్యాక్‌ప్లేన్‌కి (బే వెనక కనెక్టర్లున్న బోర్డు) తగిలేదాకా క్యారియర్‌ను తోసి, ఆ తర్వాతే లివర్ మూయాలి. సగం తోసి లివర్‌తో బలవంతంగా నెడితే కనెక్టర్ సరిగా కూర్చోదు. కరెంటు ఉండగానే పెట్టినా ఫర్వాలేకపోవడానికి కారణం కనెక్టర్‌లోనే ఉంది: గ్రౌండ్ పిన్నులు పొడుగు, అవే ముందు తగులుతాయి.

కొత్త డ్రైవ్ సామర్థ్యం పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. ఎస్ఏఎస్ వాల్యూమ్‌లో సాటా (ఇవి రెండు రకాల డ్రైవ్ కనెక్షన్లు), 512 బైట్ల సెక్టార్ల డ్రైవుల మధ్య 4కేఎన్ (4096 బైట్ల సెక్టార్ల) డ్రైవ్ కలవవు. వేరే సర్వర్‌లో వాడింది పెడితే "ఫారిన్" (పాత సర్వర్ రెయిడ్ అమరిక ఇంకా ఉన్నది) అని కనిపిస్తుంది, రీబిల్డ్ (పోయిన డ్రైవ్ డేటాను కొత్తదానిలో తిరిగి నింపడం) మొదలవదు. అప్పుడు ఇంపోర్ట్ నొక్కొద్దు, ఆ డ్రైవులో మీకు కావలసిన డేటా లేదని నిర్ధారించుకుని క్లియర్ చేయండి.

12 టీబీ డ్రైవును సెకనుకు 200 ఎంబీ వేగంతో నింపినా దాదాపు 17 గంటలు. పెర్క్‌లో (డెల్ రెయిడ్ కంట్రోలర్) రీబిల్డ్ రేటు మొదట 30 శాతమే ఉంటుంది కాబట్టి, పని ఒత్తిడి ఉన్న సర్వర్‌లో ఇంకా ఎక్కువే పడుతుంది. ఇంత పెద్ద డ్రైవులకు, రెండు పోయినా నిలబడే రెయిడ్ 6 పెట్టండి. తీసిన స్లాట్ ఖాళీగా ఉండబోతుంటే బ్లాంక్ (ఖాళీ స్లాట్‌ను మూసే డమ్మీ) బిగించండి, లేకపోతే గాలి దారి తప్పి మిగతా డ్రైవులు వేడెక్కుతాయి.